ఒక స్టాపు ముందు

డిసెంబరు పడితే చాలు, నా డాష్‌బోర్డు మిఠాయి కొట్టు.
బస్సెక్కేవాళ్ళందరూ నాకు ఏదో ఒకటి ఎక్కించేవాళ్ళే.
చాక్లెట్ల డబ్బా ఒకరు, మిన్స్ పైలు ఇంకొకరు,
"ఏడాదంతా తిప్పావు, ఉంచుకో" అంటూ బుగ్గలెర్రని పెద్దాయన
వెండికాగితంలో రమ్ము తాగిన కేకు.
కాదంటే చిన్నబుచ్చుకుంటారు.
అందుకని కాదనను.
టెర్మినస్‌లో ఒకటి,
కదిలే ముందు మరొకటి.

పదకొండేళ్ళుగా షెఫీల్డులో బస్సు నడుపుతున్నాను.
ఎంత అబద్ధపు మాటో చూడండి:
నడిచేది బస్సు. నేను కూర్చుంటాను,
రోజుకు తొమ్మిది గంటలు, కుదురులో కుండలా.
ఇదీ ఏడుకొండల ఊరేనని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.
మెట్లెక్కుతానన్న మొక్కు నాకెప్పుడూ లేదు,
ఏడూ ఎక్కేశాను, ఒక్క పాదం అదిమి.

నవంబరులో రక్తం పరీక్ష.
నర్సు అంకె చదవలేదు,
కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది.
ఆ రాత్రి హైమ బియ్యం డబ్బాలోని గ్లాసు తీసేసి
చిన్నది వేసింది. అంతే, ఒక్క మాటా అనలేదు.
అన్నా బాగుండేది.

వాక్లీ వెళ్ళే నా బస్సులో డోరీన్ అని ఒకావిడ,
ఎనభై దాటాయి, వెనక చక్రాల సంచి.
ఇల్లు లైబ్రరీ స్టాపుకి ఎదురుగానే,
గంట మాత్రం ఒక స్టాపు ముందే కొడుతుంది.
వాన పడ్డా అంతే, రోడ్డు మంచుకి గాజయినా అంతే.
మతిమరుపేమోనని రెండుసార్లు గుర్తుచేశాను.
మూడోసారి నవ్వింది:
"ఇంతదాకా నీది నాయనా, ఆ చివరి ముక్క నాది."
అని, ఒక మిన్స్ పై తీసి
(ఒకటే, డబ్బా కాదు)
సగం తుంచి తన నోట్లో వేసుకుని
సగం నా ముందు పెట్టి దిగిపోయింది.

క్రిస్మస్ నాడు బస్సులుండవు.
స్ప్రౌట్లంటే క్యాబేజీ పిల్లలు కదా, హైమ వాటికి ఆవాల తాలింపు వేస్తూ
పొయ్యి దగ్గర అడ్డంపడుతున్నానని నన్ను బయటికి తరిమింది.
ఎటు పోవాలో నాకు తోచలేదు.
కాళ్ళకు తెలిసిన దారి ఒకటే: నా రూటు.

నడిస్తే తెలిసింది,
రెండో గేరులో దాటేసే మలుపు దగ్గర
ఊపిరి మూడుసార్లు ఆగుతుందని.
నేను వట్టి స్టాపులనుకున్నవాటి వెనక గుమ్మాలున్నాయని,
ఒక కిటికీలో కాగితపు టోపీలు పెట్టుకుని
ఒక కుటుంబమంతా మాట్లాడకుండా తింటోందని.
గోడ మీద పిల్లి నన్ను గుర్తుపట్టలేదు,
యూనిఫాం లేదు కదా.
బయట సున్నా డిగ్రీలు, చొక్కా లోపల చెమట.
ప్రతి స్టాపులోనూ ఆగాను.
అలవాటనుకున్నారా?
ఆయాసం.

లైబ్రరీకి ఒక స్టాపు ముందు, బెంచీ మీద డోరీన్.
"ఇవాళ బస్సు రాదుగా" అన్నాను.
"తెలుసు. అందుకే ఇంటి నుంచి ఇక్కడికి నడిచొచ్చాను,
ఇక్కణ్ణుంచి ఇంటికి నడవాలిగా మరి!"
సంచి తేలేదు, చెయ్యి అందించింది.
ఇద్దరం కలిసి ఆ చివరి ముక్కని
ఆదరాబాదరా మింగకుండా
నములుతూ నములుతూ నడిచాం.

ఇంటికొచ్చేసరికి పుడ్డింగు మీద నీలిమంట ఆరుతోంది.
హైమ కత్తి నా చేతికిచ్చి చూస్తూ నిలబడింది.
బుద్ధిగా, కాగితమంత పల్చని ముక్క కోశాను.
"మరీ అంతా? పండగ కదా, ఇంకాస్త కొయ్యి" అంది.
కోశాను.
సగం తుంచి ఆమె పళ్ళెంలో పెట్టాను.

అంకె ఏమంటుందో జనవరిలో చూద్దాం.
మోకాలు మాత్రం
ఇప్పుడే మొదలుపెట్టింది.